సంచి భుజమున వేసికొని దీవులకు

(పాఠశాల తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మనము ఒక చిన్న విషయమును గూర్చి మాట్లాడుకొనుటకు కూడితిమి. విషయము చిన్నదే కాని, దానిని గూర్చి నెల దినములుగా కూరెకుప్పలో జరిగిన చర్చ మాత్రము చిన్నది కాదు. తొమ్మిదవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట, ఏప్రిల్ మాసములో, ఇరువది నలుగురు విద్యార్థులను అండమాను దీవులకు తీసికొనిపోవలెనని సంఘము తీర్మానించినది. బస్సు మాట్లాడుకొని, వంటవానిని వెంటబెట్టుకొని పోవు విహారయాత్ర కాదిది. ఎవరి సంచి వారే మోయవలెను. రైలులో సాధారణ శయన తరగతి, ఓడలో అన్నిటికంటె చౌకయైన తరగతి, దీవుల నడుమ ప్రభుత్వపు పడవలు, రాత్రులయందు తక్కువ అద్దె వసతులు. అంగీకార పత్రములను ఇంటింటికి పంపితిమి. బాలురు పదునలుగురు, బాలికలు పదిమంది. బాలుర పత్రములలో పదునొకండు సంతకములతో తిరిగివచ్చినవి. బాలికల పత్రములలో రెండు వచ్చినవి. మిగిలిన ఎనిమిదింటిని గూర్చియే ముఖ్యముగ మా మనవి.

పత్రమును తిరిగి ఇచ్చుచు ఒక తండ్రిగారు మమ్ము ఇట్లడిగిరి: “సార్, హంపీలో తిరిగే తెల్లోళ్ల మాదిరి మా పిల్లోళ్లను గూడా చేయాలనుకుంటిరా ఏమి?”

ఈ ప్రశ్నకు మేము నొచ్చుకొనలేదు. హంపి మనకు నలుబది కిలోమీటర్లలోపు దూరము. 1986లో అది ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపు పొందిన తరువాత వీపున సంచులతో వచ్చు విదేశీయులు మన కండ్లకు అలవాటైపోయినారు. తుంగభద్రకు ఆవలి యొడ్డున విరుపాపుర గడ్డెలో వారికొరకు వెలసిన వసతిగృహములు, న్యాయస్థానపు తీర్పు ననుసరించి 2020లో తొలగింపబడినవి. అంతవరకు అది వారి ఊరేమో యనిపించెడిది. వారిలో మనకు నచ్చని నడవడి గలవారు లేరని మేము అనము. కాని మరియొకటి కూడ చూచితిమి. నెలల తరబడి తిరుగువాని సామానంతయు ఒక్క సంచిలో ఇమిడియుండును. అందులో దేశపటము ఉండును, వ్రాసికొను పుస్తకము ఉండును. మిట్టమధ్యాహ్నపు ఎండలో బండల నడుమ నడచి, చెక్కడముల పేర్లు అడిగి తెలిసికొని పోవును. మన బిడ్డలలో విఠ్ఠలాలయమును ఇంతవరకు చూడనివారు తరగతికి నలుగురైదుగురు తేలుదురు.

అసలు ఇట్టివారు హంపికి వచ్చుట నేటి మాట కాదు. 1420 ప్రాంతమున ఇటలీ నుండి నికోలో కాంటి వచ్చెను. 1443లో పారసీక రాయబారి అబ్దుల్ రజాక్, 1520 ప్రాంతమున పోర్చుగీసు వాడగు డొమింగో పేస్, 1535 ప్రాంతమున నూనిజ్ వచ్చిరి. విజయనగరపు అంగళ్లలో ఏమి అమ్మిరో, మహర్నవమి ఎట్లు జరిగెనో మన పాఠ్యపుస్తకములలో చదువుచున్నామనిన అది చాలవరకు ఈ బాటసారులు వ్రాసిపెట్టినదే. ఊరిలో పుట్టినవానికి ఆ ఊరి సంగతులు వ్రాయవలెనని తోచదు. దూరమునుండి వచ్చినవానికి తోచును. మన బిడ్డలు ఒక్కసారి ఆ దూరపువారు కావలెను.

రెండవ శంక యొకటి యున్నది. దానిని ఎవరును పైకి చెప్పలేదు. మేమే ఊహించి చెప్పుచున్నాము. మన సీమలో సంచి భుజమున వేసికొని ఊరు విడుచుట యనగా వినోదము కాదు. వాన తప్పిన యేట, జొన్నచేను ఎండిన పిమ్మట, మూట కట్టుకొని మిరప కోతలకు గుంటూరు సీమకో, కట్టడపు పనులకు బెంగుళూరికో పోవుట. ఆ మూటను చూచినంతనే ఇంటిలోని అవ్వ కంటతడి పెట్టును. తోరణగల్లు స్టేషనులో దినదినము చూచుచునే యున్నాము: ఉక్కు కర్మాగారపు పనులకై ఒడిసా, బీహారు, జార్ఖండుల నుండి యువకులు వీపున సంచులతో దిగుచున్నారు. వారి తల్లులును అట్లే కంటతడి పెట్టియుందురు. కనుక మీ బిడ్డ వీపున సంచి కనబడగానే మీ గుండె జల్లుమనుట సహజము. కాని అవసరము తరుమగా పోవు ప్రయాణము వేరు. తిరిగివచ్చు దినము తెలిసి, చూచుటకై పోవు ప్రయాణము వేరు. మొదటిది మన బిడ్డలకు ఎటులైనను వచ్చును, చదువుకో, ఉద్యోగమునకో. అప్పుడు మిమ్ము ఎవరును సంతకము అడుగరు. అంతకు ముందొకసారి, గురువుల కంటి ముందర, సంచి మోయుట నేర్చుకొననిండు.

సముద్రమనిన భయము కూడ కొందరికి కలదు. కూరెకుప్ప నుండి తూర్పునకు పోయినను పడమరకు పోయినను సముద్రము వందల కిలోమీటర్ల దూరము. దరోజి చెరువే మనకు సముద్రము. అయినను తెలుగువారికి సముద్రము క్రొత్తది కాదు. శాతవాహన చక్రవర్తుల నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ యున్నది. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుబట్టి బర్మాలోను మారిషసులోను తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చెను. 1860లో మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరిన మొదటి కూలీల ఓడలో తెలుగువారును ఉండిరి. మలయా తోటలకు పోయిన తెలుగువారి సంతతి 1955లో అక్కడ సంఘము కట్టుకొని నేటికిని నడుపుచున్నారు. కాని వీరిలో చాలమంది పోయినది కూలిపనులకై. ఏ దీవి ఎక్కడనున్నదో వారికి పటములో చూపినవారు లేరు.

చూచుటకై పోయి, చూచినది వ్రాసిన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు ప్రసిద్ధులు. 1830 మే మాసమున మద్రాసు నుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరిరి. రైలు లేని కాలము. వారి వెంట సుమారు నూరుమంది పరివారము. మనము ఒక్కొక్క సంచితో పోవుదుము. ఆ మేరకు కాలము మనకు మేలు చేసినది. అయితే వారివద్ద సామానుకంటె విలువైనది మరియొకటి ఉండెను. వారు మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి, అనగా ఒకరి మాట నొకరికి తెలుపువారు. ఈ సంగతి యొద్దకు మరల వత్తుము.

ఇక పోవు చోటును గూర్చి చెప్పవలెను. మేము కొన్ని యేండ్ల క్రిందట అధ్యాపక మిత్రులతో ఇదేవిధముగ సంచి మోసికొని అక్కడికి పోయి వచ్చితిమి గనుక విన్నమాట కాక చూచినమాటయే చెప్పుచున్నాము. తోరణగల్లులో రైలెక్కి, బళ్లారి, గుంతకల్లుల మీదుగా మద్రాసు, అనగా నేటి చెన్నై చేరవలెను. విశాఖపట్టణము నుండియు ఓడ కలదు గాని అది అరుదు. చెన్నై నుండి సముద్రముపై సుమారు 1200 కిలోమీటర్లు; రెండు పగళ్లు, మూడు రాత్రులు పట్టవచ్చును. మొదటి దినము తల తిరుగును, అన్నము సహింపదు. రెండవ దినము ఎటు చూచినను నీరే, ఆ నీటి రంగు నీలము కాక సిరావలె నలుపు. మూడవ దినము చేపలు రెక్కలతో నీటిపై ఎగురుచుండును.

ఆ దీవులు ఎనిమిది వందలకు పైబడి యున్నను జనులు నివసించునవి నలుబదికి లోపే. ముఖ్య పట్టణమునకు పోర్టుబ్లెయిరని పేరుండెను. 2024 నుండి శ్రీ విజయపురము. అది సేలము పట్టణపు అక్షాంశముననే యున్నది. మనమును ఉష్ణమండలములోని వారమే గాని, ఉష్ణమండలమనగా పుస్తకములో వ్రాసినట్లు దట్టమైన పచ్చదనమెట్లుండునో మన బిడ్డలు ఎరుగరు. మన జిల్లాలో ఏటికి కురియు వాన ఆరువందల మిల్లీమీటర్ల దగ్గరదగ్గర. అక్కడ సుమారు మూడువేలు. మే మాసము మూడవ వారమున నైరుతి ఋతుపవనములు మొదట అడుగిడునది అక్కడనే. అందువలననే మేము ఏప్రిలును ఎంచుకొంటిమి. మరియొక వింత: గడియారము మనకును వారికిని ఒక్కటే, సూర్యుడు మాత్రము మనకంటె సుమారొక గంట ముందుగ ఉదయించి, ముందుగ అస్తమించును. రేఖాంశములను నల్లబల్లపై ఎన్ని సంవత్సరములు బోధించినను, సాయంత్రము అయిదున్నరకే ప్రొద్దు గ్రుంకుట చూచిన బాలునికి తెలిసినంతగా తెలియవు.

పట్టణములో చూడవలసినది సెల్యులారు జైలు. 1896లో మొదలై 1906లో ముగిసిన కట్టడము. నడుమ గోపురము, దాని చుట్టును చక్రపు ఆకులవలె ఏడు భుజములు. నేడు మూడు మిగిలినవి. ఒక గదిలోనివాడు ఎదుటి గదివాని ముఖము చూడకుండునట్లు కట్టిరి. 1922–24 నాటి మన్యపు తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజుతో నిలిచిన గిరిజనులలో కొందరిని ఆ దీవులకే పంపిరి. వారిలో గాం మల్లుదొర మరణశిక్ష తప్పి, ద్వీపాంతరవాసము అనుభవించి తిరిగివచ్చి, 1952లో మొదటి లోకసభకు ఎన్నికయ్యెను. నల్లనీటికి పోయినవాడు తిరిగిరాడని పెద్దలు చెప్పిన రోజులవి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచార్యులును అక్కడి ఖైదీయే. 1943 డిసెంబరు 30న నేతాజీ జాతీయ పతాకము నెగురవేసినదియు ఆ పట్టణముననే. జైలు 1979 నుండి జాతీయ స్మారకము.

పట్టణము నుండి పడవపై షహీద్ ద్వీపమునకు పోవుదుము. 2018 వరకు దానిని నీల్ దీవి యనిరి. దేశ విభజన తరువాత తూర్పు బంగాళము విడిచి వచ్చిన కాందిశీకులను అక్కడ నిలిపిరి; వారు అడవి నరికి కూరగాయల సాగు చేసిరి. అక్కడి పల్లెల పేర్లు వినుడు: సీతాపురము, భరతపురము, లక్ష్మణపురము, రామనగరము. ఇల్లు పోగొట్టుకొని సముద్రము దాటి వచ్చినవారి ఊళ్లకు వనవాసము చేసినవారి పేర్లు! ఇటు మనము కిష్కింధ ప్రక్కవారము. ఆనెగొంది కొండను దినమును చూచువారము. ఆ పేర్లు విన్నచో మన పిల్లలకు అది పరదేశమనిపించదు. ఆటుపోట్లలో నీరు వెనుకకు తీసినపుడు లక్ష్మణపురపు తీరమున పగడపు రాళ్ల నడుమ గుంటలలో రంగురంగుల చేపలు మోకాలిలోతు నీటిలోనే కనబడును. అవి చూచుటకు మేము చెప్పులు చేతబట్టుకొని ఒక పూటంతయు వంగియే నడచితిమి. మరునాడు నడుము పట్టినది. ఆపైన స్వరాజ్ ద్వీపము కలదు, దాని తీరము సుందరమైనదని పత్రికలు వ్రాయును. సుందరమే. కాని మాకు లక్ష్మణపురమే ఎక్కువ నచ్చినది.

ఇప్పుడు భాష సంగతి. “తెలుగు చదివితే ఊరి పొలిమేర దాటినాక ఏం పనికొస్తుంది?” అని మమ్ము అడుగని సంవత్సరము లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి పదుముగ్గురి మాతృభాష తెలుగు. అనగా సుమారు యాబదివేలమంది. వారిలో చాలమంది శ్రీకాకుళము, విశాఖ తీరముల నుండి చేపల వేటకు పోయినవారి కుటుంబములు. తెలుగు మాధ్యమమున బోధించు ప్రభుత్వ పాఠశాలలును అక్కడ కలవు. జంగ్లీఘాటు రేవులో చేపలమ్ము ఒక అమ్మ మా మాటలు విని, “ఏటి బాబూ, ఏ ఊరు మీది? తెలుగే గాని ఇదేటో వేరేగున్నాది” అనెను. బళ్లారి యని చెప్పితిమి. “అది కన్నడమోళ్ల ఊరు కాదేటి?” అని ఆశ్చర్యపడెను. మేము “యాడ” యనిన ఆమె నవ్వెను, ఆమె “ఏటి” యనిన మేము నవ్వితిమి. ఆమె కుమారుడు ప్రక్క బండివానితో హిందూస్థానీలోను, ఆ బండివాడు మరియొకనితో బంగాళీలోను మాట్లాడుచుండిరి. దీవులలో పుట్టిన పిల్లలకు ఇంటి భాష ఏదైనను, వీథి భాష హిందూస్థానీయే.

మీరు ఇండ్లలో ఒకసారి లెక్కపెట్టి చూడుడు. మీ బిడ్డ ఇంటిలో తెలుగు, సంతలో కన్నడము, ప్రక్కింటి మిత్రునితో దక్కనీ ఉర్దూ, తరగతిలో ఇంగ్లీషు, హిందీ పలుకుచున్నది. వీరాస్వామయ్యగారు దేని వలన జీతము తీసికొనిరో ఆ విద్య మన బిడ్డలకు వీథిలోనే అబ్బినది. మనము కదలకయే రాష్ట్రములు మారినవారము: 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రమునుండి మైసూరులోనికి, 1973లో మైసూరు పేరు మారి కర్ణాటకములోనికి. మన పెద్దలు గడప దాటలేదు. గడపయే వారిని దాటినది. ఇట్టి చోట పెరిగినవారికి క్రొత్త భాష విన్నచో బెదురు పుట్టదు. తెలుగు ఒక్కటే అక్కడ టిక్కెట్టు కొనిపెట్టునని మేము అబద్ధమాడము, కొనిపెట్టదు. కన్నడమును ఇంగ్లీషును బాగుగ నేర్వవలసినదే. కాని ఒక లిపిలో తప్పులేక చదువ నేర్చినవానికి రెండవ లిపి సులభము. తెలుగు చదివినవానికి కన్నడ లిపి సగము వచ్చినట్లే. దీవులలోని తెలుగు పాఠశాలలో ఒక పూట మన పిల్లలు గడుపుటకై లేఖ వ్రాసితిమి. ప్రత్యుత్తరము రావలసియున్నది.

బాలికల విషయము. పదునొకటి, రెండు అను ఈ లెక్కను మేము సులభముగ మ్రింగలేము. 1870ల దశకమున పోతం జానకమ్మ రాఘవయ్యగారు మద్రాసు నుండి ఓడలో ఇంగ్లండు పోయి, చూచినది తెలుగున వ్రాసిరి. దాని ఇంగ్లీషు అనువాదము 1876లో గ్రంథముగ వెలువడెను. నూటయాబది యేండ్ల క్రిందటి మాట ఇది! నేడు మన బాలికను కొన్ని దినములు పంపుటకు జంకుచున్నాము. ఆ బాలికనే మరి కొన్ని యేండ్లకు చదువుకో, వివాహమునకో హుబ్బళ్లికో బెంగుళూరికో పంపుదుము. పంపునపుడు బస్సు ఎక్కడ మారవలెనో కూడ ఆమెకు తెలియదు. జాగ్రత్తను గూర్చి అడుగుడు, అది మీ హక్కు. ఇరువురు అధ్యాపికలు మొదటి నుండి చివరి వరకు వెంటనుందురు. వసతిలో బాలికలకు వేరు గదులు, వారితోడనే అధ్యాపికలు. ప్రతి రాత్రియు ఫోను అందినచోట ఇంటికి మాట్లాడింతుము. ఓడలో నడిసముద్రమున అందదు, ఆ రెండు దినములు ఓపిక పట్టవలెను. బాలికలకు కావలసిన వస్తువుల పట్టికను అధ్యాపికలే తల్లులకు ఇత్తురు.

సంచిలో ఏమి పెట్టవలెనని చాలమంది అడిగినారు. ఏమి పెట్టరాదో ముందు చెప్పుదుము. అటుకుల డబ్బాలు, మూడు జతల చెప్పులు, దిండు, బంధువులకు కానుకలు వలదు. పాఠశాల సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతు మించరాదని 2020లో ప్రభుత్వము విధానము ప్రకటించినది. అదియే ఇచ్చటను ప్రమాణము. నలుబది కిలోల బిడ్డకు నాలుగు కిలోలు. రెండు జతల నూలు బట్టలు, తువాలు, దుప్పటి, టోపీ, నీటి సీసా, ఆధార్ ప్రతి, వ్రాసికొను పుస్తకము. మందులు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, దోమల లేపనము మా వద్దనుండును. తల్లులు ప్రేమచేత అడుగున కారపుబూందీ దాచినచో బయలుదేరుటకు ముందు మేము తూచి తీసివేయుదుము. తీసినది మేము తినము, ఇంటికి పంపుదుము.

సముద్రపు టొడ్డున నడచుకొనవలసిన తీరును మార్చి నెలంతయు ప్రతి శనివారము బోధింతుము. చెరువులో ఈతవచ్చినవానికి సముద్రము వచ్చినట్లు కాదు. నడుములోతు దాటి ఎవరినీ దిగనీయము. భూమి గట్టిగ కంపించినను, నీరు అకస్మాత్తుగ వెనుకకు పోయినను, గవ్వలు ఏరుటకు పరుగెత్తక మెట్టకు పరుగెత్తవలెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఆ దీవులలో వేలమంది పోయిరి. ఇనుప గనుల చెంత పెరిగిన మన పిల్లలకు ఈ పాఠము ఎవరును చెప్పియుండరు.

పోగూడని చోట్లును కలవు. జారవా జనుల అడవి గుండా పోవు దారిలో వారిని చూచుటకు పోవువారు ఉన్నారు, మేము పోము. 1956 నాటి శాసనము వారి నేలకు రక్షణ నిచ్చినది. ఉత్తర సెంటినెల్ దీవికి పోవుట నిషిద్ధము. అయినను 2018లో ఒక అమెరికా యువకుడు పోయి ప్రాణము కోల్పోయెను. మనుష్యులను చూడదగిన వస్తువులుగ నెంచి పోవుట దేశాటనము కాదని మా అభిప్రాయము. పగడపు ముక్కను గాని, గవ్వను గాని తేరాదు. పుస్తకములో బొమ్మ గీసికొని తేవచ్చును.

ఖర్చుల పట్టిక మీ చేతులకు ఇచ్చితిమి. పూర్తిగ చెల్లింపలేని వారికి సంఘము సగము భరించుటకు ఒప్పుకొన్నది. ఎవరికి భరించినదో సంఘమునకును మాకును తప్ప తెలియదు. ఓడ బయలుదేరు తేదీని కొద్దిదినముల ముందే ప్రకటింతురు గనుక రెండుమూడు దినములు ఇటునటు కావచ్చును. వివాహములు, జాతరలు ఉన్నవారు ముందే తెలుపవలెను. పత్రములు ఈ నెల ఇరువదియైదవ తేదీలోపల కార్యాలయమునకు చేరవలెను. సంతకము చేయని ముగ్గురు బాలురకు బదులుగా వేరొకరిని చేర్చుకొంటిమి. ఎనిమిదిమంది బాలికల స్థానములను మాత్రము ఎవరికిని ఇయ్యలేదు. జాబితాలో వారి పేర్లు వ్రాసి, ఎదుట గడి ఖాళీగ ఉంచితిమి.